తిప్పమ్మ పూసిన గోడ

గవులకోన చూడను వచ్చి, సుంకన్న చేతికి చిక్కి, నగుబాటు కాకుండా ఇంటికి పోయినోళ్ళు లేరు. ఒకసారి కర్నూలు నుంచి నలభై మంది బడి అయివార్లు బస్సేసుకుని వస్తే, "ఇక్కడ బతికినోళ్ళకు చేతికి ఆరారు వేళ్ళు సార్, అందుకే వాకిండ్లు ఇంత ఇరుకు" అని చెప్పినాడు. వేళ్ళకూ వాకిండ్లకూ ఏం సంబంధమని ఒక్క అయివారూ అడగలేదు. నలభై మందీ రాసుకున్నారు.

కోనంటే చిన్నాచితకా కోన కాదు. నేల నిలువునా పగిలి, ఎర్రరాయి ముప్పై నిలువుల లోతుకు దిగిపోయింటాది. అడుగున ఏరుండాల్సిన చోట ఉత్త ఇసుక. చుట్టూ పది మైళ్ళు తుమ్మచెట్లూ నాగజెముళ్ళే. ఆ రాతిగోడ నడిమధ్యన, గద్దలు గూడు కట్టే ఎత్తులో, ఏ కాలంలోనో మనుషులు ఇండ్లు కట్టుకున్నారు. పైన కొండ గొడుగు పట్టినట్టు ముందుకు వంగింటే, దాని కింద రాళ్ళు పేర్చి, ఎర్రమట్టి పూసి, మూడు వరసల్లో డెబ్బై గదులు. వాన తగలదు, ఎండ తగలదు. గోడలు మొన్న పూసినట్టే ఉంటాయి. ఆ పక్క వాటిని గవులంటారు.

ఎవురు కట్టినారో, యాల ఇడిసిపోయినారో ఎవురికీ తెలీదు. తెలిసింటే సుంకన్నకు పనే ఉండేది కాదు. ఏడో తరగతి తప్పి, వయసులో మట్టిపని చేసి, యాభై ఏండ్లకు ఆ గవులకు కాపలాదారైనాడు. చూడను వచ్చినోళ్ళకు నూటా ఇరవై మెట్లు ఎక్కించి, మనిషికొక కత చెప్పి, ఏ చీకటి గదిలోనో నక్కి దయ్యం మాదిరి మూలిగి, వాళ్ళు కెవ్వుమంటే పొట్ట పట్టుకుని నగడం ఆయన ఉద్యోగం. కుర్రోళ్ళు దాన్ని ఫోన్లలో తీసి ఊరూరికీ పంపినారు. గవులకన్నా "గవి మామ"కే పేరెక్కువ.

ఆ ఏడు శివరాత్రి దాటినాక హైదరాబాదు నుంచి నళిని మేడం వచ్చింది. బక్కపల్చని మనిషి. నగని మొగం. ఆమెతో ఒక నల్లపెట్టె, మూడు కాళ్ళ మీద నిలబడే ఒక లైటు. సుంకన్న ఆ లైటు చుట్టూ రెండు సార్లు తిరిగి, "ఏం మేడం, పెండ్లికి ఫొటోలు తీస్తారా?" అన్నాడు.

మేడం చాటంత పలక మీద తడిమట్టి పరిచి ఆయన ముందర పెట్టింది.

"అరచేత్తో పూయండి సుంకన్నగారూ. పూస్తూ ఏదైనా మాట్లాడండి."

సుంకన్న మట్టి సాపు చేస్తా, "మేడం, మీ ఆయన మీకు బయపడి హైదరాబాదులోనే దాక్కున్యాడంట, నిజమేనా?" అన్నాడు.

మేడం పలకను ఎండలో పెట్టింది. మర్నాడు అది ఎండి గట్టిపడినాక లైటు కింద పెట్టింది. వెంట్రుకంత సన్నటి నీలం గీత మట్టి మీద మెల్లగా పాకింది. పాకిన చోటల్లా పై పొర పొడై రాలింది. నల్లపెట్టె గరగరమని, గొంతు సవరించుకుని మాట్లాడింది: "మేడం, మీ ఆయన మీకు బయపడి..."

సుంకన్న ఉన్నచోటనే కూలబడినాడు. గొంతు తనదే. మేడం మొదటిసారి నగింది.

"మాట్లాడేటప్పుడు మీ రొమ్ము వణుకుతుంది. ఆ వణుకు చేతి ఎముకల్లో నుంచి అరచేతికి వస్తుంది. తడిమట్టి దాన్ని పట్టుకుని ఎండిపోతుంది. ఎవరి చెయ్యి గోడ మీద ఉంటే వాళ్ళ మాటే దొరుకుతుంది, పక్కనున్నవాళ్ళది దొరకదు. ఇంకోటి. వినాలంటే పొర గీసెయ్యాలి. గీశాక గోడలో ఏమీ మిగలదు."

"అంటే ఈ గోడల్లో..."

"ఆడవాళ్ళు పూసుంటారు. పూస్తూ మాట్లాడకుండా ఉండుంటారా?"

"ఉండరు మేడం," అన్నాడు సుంకన్న. "ఆ సంగతి నాకు పెట్టె లేకున్యా తెలుసు."

అంత వింత చూసినాక కూడా ఆయన బుద్ధి మారలేదు. మొదటి పాతగోడ వినే రోజు, రెండో వరసలో నాలుగో గదిలో మేడం ఊపిరి బిగబట్టి కూర్చోనుంటే, గోడ అవతల నుంచి ఒక ముసలి గొంతు లేచింది: "ఎవురది? చెప్పులు బయట ఇడిసి రాండి!" మేడం ఉలిక్కిపడి లైటును తగులుకుని ఎనక్కి పడింది. మోచెయ్యి పగిలింది. అవతల సుంకన్న నగి నగి దొర్లినాడు. కండ్లు తుడుచుకుంటా ఇవతలికి వస్తే, ఆమె కింద కూర్చుని లైటుకుండే అద్దాన్ని చూస్తా ఉంది. అద్దం మీద వెంట్రుక వాసి చీలిక.

వంద సార్లు పనిచెయ్యాల్సిన అద్దం అది. లోకంలో ఒకే చోట చేస్తారంట, ఇంకొకటి రావాలంటే మూడేండ్లంట. చీలిక పడినాక ముప్పై సార్లకు మించి పనికి రాదు. మేడం అరవలేదు. "మీకు నవ్వొచ్చింది కదా, చాలు" అనింది. అంతే. సుంకన్న ఆ మాటనూ నాలుగు రోజులు ఆమె గొంతుతో అనుకరించి టీ అంగడిలో అందరినీ నగించినాడు.

ఆ ముప్పైట్లో గోడలు మాట్లాడినాయి. ఒక గోడలో ఒకామె దగ్గింది. ఒక గోడలో ఎవురో ఎవురినో తిట్టింది. తిట్టేనని గొంతును బట్టి తెలుస్తాది. ఇంకొక గోడలో జోల మాదిరి ఏదో. ఒక్క మాట అర్థం కాలేదు. తెలుగు కాదు, కన్నడం కాదు, పెద్ద పెద్దోళ్ళకు పంపినా ఏ బాసో చెప్పలేకపోయినారు. మేడం దినామూ చెవులకు గొట్టాలు పెట్టుకుని ఆ దగ్గూ ఆ తిట్టూ మల్లా మల్లా వింటా ఉండేది. ఒక్క మాట, ఉత్త ఒకే మాట తెలిసినా చాలునని.

ఎండలు ముదిరినాయి. అద్దానికి పది సార్లు మిగిలినాయి.

"సుంకన్నగారూ, పంతొమ్మిదేళ్ళ క్రితం ఈ గదులకు మరమ్మతు చేశారట కదా. ఆ పనిలో మీరూ ఉన్నారు. కొత్తపూత ఎక్కడుందో సుద్దముక్కతో గుర్తులు పెట్టండి. వాటి మీద అద్దం పాడుచెయ్యలేను."

సుంకన్న సుద్దముక్క పట్టుకుని గది గదికీ తిరిగినాడు. మూడో వరస కడపటి గదిలో నిలబడిపోయినాడు.

ఆ పని ఆయనకు బాగా గుర్తు. మట్టిలో బెల్లంనీళ్ళు, వరిపొట్టు కలిపి మొగోళ్ళు తొక్కేది. ఆడోళ్ళు బొక్కెనలతో పైకి మోసి, ఒట్టి చేతుల్తో పూసేది. తాపీ ముట్టకూడదు, పాతకాలపోళ్ళు ఎట్ల చేసినారో అట్లనే చెయ్యాలని పైనోళ్ళ ఆర్డరు. పూసేముందు గాజులు తీసి కొంగున కట్టుకోండని మేస్త్రి మొత్తుకునేవాడు. అందరూ తీసేది. ఒక్కతె తీసేది కాదు. ఆమె పూసిన చోటల్లా అంచున గాజుల గీతలు పడేవి.

కడపటి గదిలో కిటికీ పక్కన చాటంత మేర పూత. అంచున గాజుల గీతలు, పక్కపక్కన ఆరు. తిప్పమ్మ. సుంకన్న పెండ్లాం.

ఆ పని అయిపోయిన ఎనిమిది నెలలకు ఆమె చచ్చిపోయింది. అప్పటికి పాప రేణుకకు రెండేండ్లు. ఇంట్లో ఫోను లేదు, ఒక పెండ్లి క్యాసెట్టు లేదు, తిప్పమ్మ గొంతు యాడా లేదు. పాప పెరిగి, "నాయినా, అమ్మ ఎట్ల మాట్లాడేది?" అంటే, సుంకన్న కొంగు కప్పుకుని, గొంతు సన్నం చేసి, కీచుగా, "ఓ పాప నాయినా! కోడి నా పప్పులో దూకె, నువ్వేమో యాడ దూకితివి?" అనేవాడు. పాప కిందపడి నగేది. పద్దెనిమిదేండ్లుగా రేణుకకు తల్లి అంటే ఆ కీచుగొంతే. ఇప్పుడు అనంతపురంలో నర్సు చదువు చదువుతా ఉంది, ఆదివారాలు ఫోన్ చేసి, "అమ్మ మాదిరి రవ్వంత మాట్లాడు నాయినా" అంటాది.

సుంకన్న సుద్దముక్క జోబీలో వేసుకున్నాడు. ఆ గోడకు గుర్తు పెట్టలేదు.

మేడంకు నిజం చెప్పి అడిగింటే ఆమె ఒప్పుకునేదేమో. అడగడం ఆయనకు చేతకాదు. ఏదైనా సరే, ఎదుటోళ్ళు ఉలిక్కిపడేటట్టు చెయ్యాల, ఆ మొగం తాను చూడాల. పాప మొగం చూడాల. ఆ రాత్రే ఫోన్ చేసినాడు.

"మ్మే, వచ్చే ఆదివారం రా. నీకొకటి చూపిస్తా."

"ఏంది నాయినా, మల్లా రబ్బరు తేలా?"

"తేలు కాదులే, వచ్చినాక చూడు."

"చెప్తే గదా వచ్చేది."

"చెప్తే మజా యాడుంటాది?"

ఆదివారం నాటికి అద్దానికి రెండే రెండు సార్లు మిగిలినాయి. మేడం కండ్ల కింద నల్లబడింది. సుంకన్న ఆమె ముందర చేతులు కట్టుకుని నిలబడినాడు.

"మూడో వరస కడపటి గది మేడం. శుద్ధ పాతది. దానికంటే పాతపూత ఈ కోనలో లేదు."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?"

"మట్టిపనోణ్ణి మేడం. మట్టిని వాసన పట్టి చెప్తా."

ఆమె ఆయన కండ్లలోకి చూసింది. ఎప్పుడూ ఇగిలించే మనిషి ఆ పొద్దు ఇగిలించలేదు. అది చూసే నమ్మింది పాపం.

గోడలు మాట్లాడతాయని నాయిన ఫోన్లో చెప్పినా నమ్మని రేణుక పదకొండు గంటల బస్సుకు వచ్చి, మెట్లన్నీ ఎక్కి, చెమటలు కక్కుతా ఆ గదిలోకి వంగి దూరింది. "నమస్తే మేడం. మా నాయిన మిమ్మల్ని గూడా ఏడిపిస్తాండాడా?"

"రోజూ," అనింది మేడం, లైటు సరిచేస్తా.

సుంకన్న కూతుర్ని గోడకెదురుగా కూర్చోబెట్టి, తాను పక్కన గొంతుకూర్చున్నాడు. గాజుల గీతలనూ పాప మొగాన్నీ మార్చి మార్చి చూసినాడు. నీలం గీత గాజుల గీతల పక్కన మొదలై మెల్లగా పాకింది. మట్టి రాలింది. పెట్టె గరగరమనింది.

"...కాదు హుసేనీ, పాలు కాదు."

లోగొంతు. బరువుగా, రవ్వంత జీరగా, అలసిపోయిన గొంతు.

రేణుక ఫక్కున నగి తండ్రి భుజం మీద చరిచింది. "చాలించు నాయినా! ఈసారి మగగొంతు తగులుకుంది!"

సుంకన్న నోరు మూసుకునే ఉంది. రేణుక ఆ మూసిన నోటినే చూస్తా ఉండిపోయింది. గోడ మాట్లాడతానే ఉంది. తోటి కూలి హుసేనమ్మ పక్కన బురద అందిస్తా ఏమడిగిందో వినపడదు; తిప్పమ్మ చెప్పింది మాత్రం వినపడతా ఉంది, నడుమ నడుమ ఖాళీలతో.

"పాపకు పాలు మానిపిచ్చి ఆర్నెల్లాయ. ఇది రాయి మాదిరి ఉండాది. ... చంక కింద గూడా. ... చెప్తి. చెప్పకేం. ... ఏమన్యాడా? 'నీ రొమ్ములో రాయి పుట్టిందంటే మంచిదేలే, ఇంగ ఇల్లు కట్టను రాళ్ళు తోలే పన్లేదు' అన్య. ... ఊ. టీ అంగడికాడ గూడా చెప్పినాడంట. నీళ్ళకు పోతే అందరూ అదే అడిగి నగినారు. నేనూ నగితి. ... మల్లా ఎట్ల చెప్పేది? రెండోసారి చెప్తే ఇంగో కత కడతాడు. ... వద్దులే, నువ్వు గూడా చెప్పొద్దు. నగులాట్లో ఆడమనిషి ఒళ్ళు పెట్టుకోకూడదు హుసేనీ. బురద యెయ్యి, ఆరిపోతాంది."

గీత ఆగింది. పెట్టె ఆగింది. చాటంత పూతలో సగం నేల మీద పొడై పడింది.

మేడంకు అంతా అర్థమైంది. మూడు నెలల్లో ఆ గోడలు చెప్పిన మాటల్లో ఆమెకు తెలిసిన మొదటి మాటలు అవే. లేచి నిలబడి సుంకన్న మొగం చూసింది. ఆ మొగం మీద నగు ఇంకా ఉంది. యాడికి పోవాలో తెలీక అట్లనే అతుక్కునుంది.

రేణుక అడిగింది. నర్సమ్మలు రోగినడిగినట్టు, మెల్లగా.

"జరమొచ్చి చచ్చిపోయిందంటివి గదా నాయినా."

"కడపట్లో జరమే మ్మే."

"ఎన్నాళ్ళకు ఆసుపత్రికి తీసుకపోతివి?"

సుంకన్న వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. "చెయ్యి వాచినాక."

"చెయ్యి వాచినాక," అనింది రేణుక. రాయి బాగా ముదిరితే గానీ చెయ్యి వాయదని ఆ గదిలో ఆమెకే బాగా తెలుసు. "ముందుగాల వచ్చింటే..." అని నిలిపేసింది.

"నాకేం తెలుసు మ్మే, అది నగతానే ఉండె గదా... నేను ఊరికే ఏదో..." సుంకన్న నేల మీద రాలిన పొడిని అరచేత్తో కూడదీసినాడు. 

మేడం గోడ దగ్గరికి పోయి మిగిలిన పూతను తడిమి చూసింది. "ఇంకా సగం ఉంది. అద్దానికి ఇంకొక్కసారి ఓపికుంది." రేణుక వైపు తిరిగింది. "వినాలని ఉందా అమ్మా?"

"మీ పని, మేడం?"

"ఇన్ని గోడలు గీశాను. ఒక్క మాట తెలియలేదు. ఈ చివరిదైనా తెలిసినవాళ్ళ దగ్గరికి చేరనీ. వచ్చిన మాట నీ ఫోన్లోకి ఎక్కించి, నా పెట్టెలో తుడిచేస్తాను."

"వింటా," అనింది రేణుక. తండ్రి వైపు చూడకుండానే, "నువ్వు బయటికి పో నాయినా."

"మ్మే, నేను గూడా..."

"పో."

సుంకన్న వంగి వాకిలి దాటి బయటికొచ్చినాడు. నడినెత్తిన పొద్దు. ఎర్రరాయి పెనం మాదిరి కాలుతా ఉంది. గోడ వెంబడే జరుక్కుంటా ఆ గది కిటికీ కాడికి పోయినాడు. పిడికిలి పట్టేంత కిటికీ. చెవి ఆనించినాడు. రాయి చెవిని కాల్చింది. ఆనించే ఉన్నాడు.

లోపల గరగర. ఆ ఎనక ఆ గొంతే. దూరంగా, బావిలో నుంచి వచ్చినట్టు.

"...మా పాప నాయిన ఉండాడే హుసేనీ..."

సరిగ్గా అప్పుడే మెట్లెక్కి ఆరేడు మంది కుర్రోళ్ళు వచ్చినారు. మూడో వరసకు ఎవురూ రాకూడదని తాడు కట్టింటే, తాడు దాటుకునే వచ్చినారు. "రేయ్, గవి మామ! గవి మామరా!" ఫోన్లు పైకి లేచినాయి.

సుంకన్న నోటి మీద ఏలు పెట్టినాడు. ఉష్ అన్నాడు.

కుర్రోళ్ళు నగినారు. "మొదలుపెట్టినాడ్రా! గోడకు చెవి పెట్టినాడు చూడు! దయ్యం ఏమంటాంది మామా?"

"అరవద్దండి నాయినా," అన్నాడు సుంకన్న. రెండు చేతులూ జోడించినాడు. "మీకు దండం పెడతా. ఒక్క నిమిషం. మా ఇంటామె మాట్లాడతాంది."

వాళ్ళు పగలబడినారు. ఒకడైతే నేల మీద కూర్చున్నాడు. "ఇంటామెంట! గోడలో ఇంటామె!" సుంకన్న కండ్లల్లో నుంచి నీళ్ళు కారతాంటే, "యాక్షన్ చూడ్రా, నిజం నీళ్ళే!" అని ఒకడు దగ్గరికొచ్చి ఫోన్ మొగంలో పెట్టినాడు. సుంకన్న వాడి కాళ్ళు పట్టుకోబోయినాడు. అది చూసి ఇంకా నగినారు. ఆ నగు ఎదురు కొండకు తగిలి, తిరిగొచ్చి, కోనంతా నిండింది. కిటికీలో నుంచి వచ్చే గొంతు దాంట్లో యాడ మునిగిందో, ఏం చెప్పిందో, ఎప్పుడు ఆగిందో ఆయనకు తెలీలేదు.

వాళ్ళ నగు తగ్గేసరికి లోపల చప్పుడు లేదు.

రేణుక వాకిట్లో నుంచి వంగి ఇవతలికి వచ్చింది. కండ్లు ఎర్రగా ఉన్నాయి గానీ మొగంలో ఏదో చల్లదనం. ఫోన్ను చేతిసంచిలో అడుగుకు పెట్టి, జిప్పు లాగింది.

"మూడున్నర బస్సు దొరుకుతాదా?"

"దొరుకుతాది," అన్నాడు సుంకన్న. ఆమె మెట్ల దిక్కు నడిస్తే ఎనక పడినాడు. "మ్మే. ఏమన్య మీయమ్మ? నా మాట ఏదో ఎత్తింది గదా. నాకు వినపళ్ళా. ఏమన్య?"

రేణుక రెండో మెట్టు మీద నిలబడింది. తిరిగి చూసింది. కోపంగా లేదు.

"నీకు చెప్పాల్సింది మాయమ్మ నీకు అప్పుడే చెప్పింది గదా నాయినా. ఇది నాది."

దిగిపోయింది. మెట్టు మెట్టుకూ ఆమె తల చిన్నదై, మలుపులో రాతి చాటుకు పోయింది. సుంకన్న ఆ మలుపునే చూస్తా నిలబడినాడు.

ఎనక నుంచి ఎవురో భుజం తట్టినారు. ఇందాకటి కుర్రోడే. చేతిలో ఫోను.

"మామా, మొదట్లో సరిగా రాల్యా. గోడకు చెవి పెట్టేది ఇంగొగసారి చెయ్యవా?"

మిగతావాళ్ళు సుట్టూ మూగినారు. సుంకన్న వాళ్ళ మొగాలు చూసినాడు. అందరూ నగను సిద్ధంగా ఉన్నారు.

పోయి, కిటికీ కాడ నిలబడి, చెవి ఆనించినాడు.